సీఎన్‌సీ ఆపరేటర్లు నిలవడం లేదు: మంచి పనివాళ్లను గుర్తించడం, నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న
వ్రాసినవారు: జీడిమెట్ల జాబ్‌వర్క్

అందరికీ నమస్కారం. హైదరాబాదులోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో మాకు ఒక చిన్న మెషీన్ షాపు ఉంది. నాలుగు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) లేత్‌లు, రెండు వీఎంసీలు (అలాగే నడిచే మిల్లింగు మెషీన్లు), నాన్నగారు కొన్న పాత లేత్‌లు మూడు ఉన్నాయి. పంపు షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజిలు, వాల్వ్ విడిభాగాలు జాబ్‌వర్క్‌గా చేసి పెద్ద కంపెనీలకు పంపుతాము. పనివాళ్లు 14 మంది. నాన్నగారి ఆరోగ్యం బాగుండక మూడేళ్ల క్రితం షాపు నా చేతికి వచ్చింది. ఆర్డర్లకు లోటు లేదు, మెషీన్లపై తీసుకున్న అప్పు కూడా సక్రమంగానే తీరుతున్నది. నాకు నిద్ర పట్టనివ్వనిది మనుషుల సంగతి ఒక్కటే.

గత ఏడాదిన్నరలో ఐదుగురు సీఎన్‌సీ ఆపరేటర్లు మానేశారు. వారిలో ఇద్దరు దసరాకు మెషీన్లకు ఆయుధపూజ చేసి, బోనసూ కొత్త బట్టలూ తీసుకుని ఊరికి వెళ్లి, మళ్లీ రాలేదు. ఒకరు చెల్లెలి పెళ్లికని 40,000 రూపాయల అడ్వాన్సు తీసుకుని, రెండో నెలలోనే మా వెనక వీధిలోని షాపులో చేరారు. మిగిలిన ఇద్దరూ నెలకు రెండు వేలు ఎక్కువ ఇస్తామన్న చోటికి వెళ్లారు. కొత్తవారిని తీసుకుందామంటే, ఐటీఐ సర్టిఫికెట్టూ రెండేళ్ల అనుభవమూ ఉన్నాయని వచ్చేవారిలో చాలామందికి పీసు మార్చి స్టార్ట్ బటన్ నొక్కడం తప్ప డ్రాయింగు చదవడం రాదు. సైజు జారినప్పుడు ఆఫ్‌సెట్ (మెషీనులో టూల్‌కు ఇచ్చే సవరణ అంకె) సరిచేయమంటే దిక్కులు చూస్తారు. పది నిమిషాలు మాట్లాడి ఎవరు పనిమంతుడో కనిపెట్టడం నా వల్ల కావడం లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. నాన్నగారి దగ్గర 19 ఏళ్లుగా పనిచేస్తున్న టర్నరు ఒకాయన మా దగ్గర ఉన్నారు. మామూలు లేత్ మీద ఆయన చేతికి తిరుగులేదు, కానీ సీఎన్‌సీ జోలికి రారు. ఆయన జీతం 22,000. మొన్న చేరిన 24 ఏళ్ల కుర్రాడికి బయటి రేటు ప్రకారం 26,000 ఇవ్వవలసి వచ్చింది. జీతాల సంగతి షాపులో దాగదు కదా. అప్పటినుంచి పెద్దాయన నాతో ముభావంగా ఉంటున్నారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకుని, రెండేళ్లు మానేయకూడదని బాండు పేపరు మీద సంతకం తీసుకోమని పక్క షాపు సేఠ్ సలహా ఇచ్చారు. అది పనికొస్తుందా? అసలు మనిషిని ఎంచుకునేటప్పుడు మీరు ఏమి చూస్తారు? మంచివాడని తేలిన తర్వాత అతడు వెళ్లిపోకుండా ఏమి చేస్తారు? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.


సమాధానం
వ్రాసినవారు: ఆటోనగర్ పెద్దాయన

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా ఫ్యాబ్రికేషన్, మెషీనింగ్ పని చేయిస్తున్నాను. మీ బాధ నాకు కొత్త కాదు. కాకపోతే మీరు చివరి ప్రశ్న దగ్గర మొదలుపెట్టారనిపిస్తున్నది. ఎలా కట్టివేయాలన్న ఆలోచన కన్నా ముందు, ఎలా తీసుకుంటున్నామన్నది చూసుకోవాలి.

మాటలతో పనివాణ్ణి పరీక్షించడం ఇరవై ఏళ్ల క్రితమే మానేశాను. వచ్చిన మనిషిని ఒక రోజు పనిచేయించి, తీసుకున్నా తీసుకోకపోయినా ఆ రోజు కూలి సాయంత్రానికల్లా చేతిలో పెడతాను. మన పరీక్ష కోసం అతడు ఒక రోజు సంపాదన పోగొట్టుకోవడం న్యాయం కాదు. పైగా, డబ్బు ఇస్తున్నాము గనుక మనమూ ఆ రోజంతా శ్రద్ధగా గమనిస్తాము. ఒక ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు, ఒక సాదా డ్రాయింగు ఇస్తాను. రెండు స్టెప్పులు, ఒక చాంఫరు, ఒక గాడి, ఒకచోట మాత్రం గట్టి టాలరెన్సు, అంటే సైజులో చాలా కొద్ది తేడానే ఒప్పుకునే చోటు. ఆ గట్టి టాలరెన్సు ఎక్కడున్నదో పని మొదలుపెట్టకముందే అతడి కన్ను పట్టుకున్నదా లేదా అన్నదే నా మొదటి పరీక్ష. పట్టుకున్నవాడు ఆ సైజును చివరికి ఉంచుకుని, మరింత సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటరు అడుగుతాడు. పట్టుకోనివాడు అన్ని సైజులనూ వెర్నియర్‌తోనే కొలుస్తాడు.

ఆ తర్వాత నేను చూసేవి ఏ సర్టిఫికెట్టులోనూ ఉండవు. జాబును (చేయవలసిన పీసును) లేత్ చక్‌లో బిగించిన తర్వాత, ఆ బిగించే చక్ కీని చక్‌లోనే వదిలేసి పక్కకు తిరిగాడంటే ఇక రెండో మాట లేదు. ఎంత చేయి తిరిగినవాడైనా అతణ్ణి తీసుకోను, ఎందుకంటే మెషీను తిరిగిన క్షణాన ఆ కీ ఎగిరి ఎవరికి తగులుతుందో చెప్పలేము. కొలిచే ముందు జాబును గుడ్డతో తుడిచాడా, చిప్స్‌ను (లోహపు తురుమును) చేత్తో లాగాడా కొక్కెంతో లాగాడా, పని అయ్యాక మెషీనును ఎలా వదిలి వెళ్లాడు అన్నవి కూడా చూస్తాను. మధ్యాహ్నం ఇంకొక పని పెడతాను. అప్పటికే తయారైన ఐదు పీసులు ఇచ్చి, డ్రాయింగుతో సరిపోల్చమంటాను. వాటిలో ఒకటి కావాలనే తేడాగా చేసి ఉంచుతాను. ఐదూ సరిగ్గానే ఉన్నాయని చెప్పేవాడు ఓనరును సంతోషపెట్టాలనుకునేవాడు. అలాంటివాడు రేపు మన రిజెక్షన్‌ను కూడా బాగుందని చెప్పి పెట్టెలో సర్దేస్తాడు.

మాటల్లో అడిగేది ఒకే ప్రశ్న: మీ చేతిలో పాడైన జాబు గురించి చెప్పండి. ఏ జాబూ పాడుకాలేదని చెప్పినవాడు అయితే పని చేసి ఉండడు, లేదా నిజం చెప్పడు. ఒకసారి ఒక కుర్రాడు, తాను ఆఫ్‌సెట్‌లో మైనస్ బదులు ప్లస్ కొట్టి టూల్‌ను జాబులోకి గుద్దించిన వైనాన్ని, ఆ తర్వాత ప్రతిసారీ సింగిల్ బ్లాకులో (ప్రోగ్రామును ఒక్కొక్క వరుసగా) నడిపి చూసుకుంటున్న సంగతిని పూసగుచ్చినట్టు చెప్పాడు. అతణ్ణి అప్పటికప్పుడే తీసుకున్నాను. ఇప్పుడు మా రెండో షిఫ్టు మొత్తం అతడి మీదే నడుస్తున్నది.

నేను మోసపోయిన సందర్భమూ చెబుతాను. ఒక వెల్డరు పరీక్ష రోజున వేసిన బీడు (వెల్డింగు అతుకు) చూసి ముగ్ధుణ్ణయి, పాత యజమానికి ఫోను కూడా చేయకుండా తీసుకున్నాను. పని నిజంగానే అద్భుతం. కానీ తనకు తెలిసింది పక్కవాడికి చెప్పడు, హెల్పర్లను నోటికొచ్చినట్టు తిడతాడు. ఆరు నెలల్లో ముగ్గురు హెల్పర్లు మానేశారు. ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పుడు ఆటోనగర్‌లో పేరున్న వెల్డరు. ఒక మంచి పనివాణ్ణి ఉంచుకోవడానికి, కాబోయే మంచి పనివాణ్ణి పోగొట్టుకున్నానన్నమాట. అప్పటినుంచి పాత యజమానిని తప్పకుండా అడుగుతాను. ఎలా పనిచేసేవాడని మాత్రం అడగను, ఎందుకంటే కోపంలో ఉన్న యజమాని ఎప్పుడూ చెడుగానే చెబుతాడు. మళ్లీ వస్తానంటే తీసుకుంటారా అని అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నదే నాకు ముఖ్యం.

పక్క షాపు మనిషిని ఎక్కువ జీతం ఆశ చూపి లాగే పని మాత్రం పెట్టుకోకండి. రెండు వేలకు మీ దగ్గరికి వచ్చినవాడు మరో రెండు వేలకు వెళ్తాడు. హెల్పరుగా తీసుకుని పైకి తీసుకువచ్చినవారే ఎక్కువ కాలం ఉంటారన్నది నా అనుభవం. ఆలస్యం అవుతుంది, ఓపిక కావాలి.


సమాధానం
వ్రాసినవారు: లేబర్ లెక్కలు

చిన్న పరిశ్రమలకు పీఎఫ్, ఈఎస్ఐ, జీతాల పనులు చూసిపెడుతుంటాను. బాండు, సర్టిఫికెట్ల విషయంలో స్పష్టంగా చెప్పవలసినవి ఉన్నాయి గనుక వ్రాస్తున్నాను.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, జిరాక్సులు తీసుకుని, వెంటనే తిరిగి ఇచ్చేయండి. పనివాడి చదువు కాగితాలను తాకట్టు వస్తువులా అట్టిపెట్టుకునే హక్కు యజమానికి లేదు. బాండు సంగతికి వస్తే, మానేసిన తర్వాత ఈ చుట్టుపక్కల షాపుల్లో పనిచేయకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షను ప్రకారం చెల్లదు. పనిలో ఉండగా ఇంత కాలం మానేయకూడదు, మానేస్తే ఇంత చెల్లించాలి అన్న షరతు వేరు. విజయా బ్యాంకు కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు అలాంటి షరతును సమర్థించింది. ఆ తీర్పు పేరు చెప్పి ఇప్పుడు చాలామంది బాండ్లు వ్రాయిస్తున్నారు. అయితే అక్కడ ఉన్నది మూడేళ్లకు ఒప్పుకుని చేరిన బ్యాంకు అధికారి, నియామకానికి పరీక్షలూ ప్రకటనలూ జరిపిన సంస్థ, రెండు లక్షల రూపాయల మొత్తం. మీరు ఒక ఆపరేటరుకు శిక్షణ కోసం ఖర్చేమీ పెట్టకుండా బాండు వ్రాయించుకుంటే, దానికోసం కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు ఆ బాండు విలువను మించిపోతుంది.

అడ్వాన్సు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అప్పు ఇవ్వడం తప్పు కాదు, నెలనెలా కొంత జీతంలో పట్టుకోవడమూ తప్పు కాదు. కానీ అన్ని కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగానికి మించకూడదు. అప్పు తీరేదాకా వేరే చోటికి వెళ్లడానికి వీల్లేదని ఆపితే మాత్రం అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పరిధిలోకి వచ్చే ప్రమాదం ఉంది. మనిషి తనకు నచ్చినచోట పనిచేసే స్వేచ్ఛను అప్పుకు బదులుగా కోల్పోవడం కూడా ఆ చట్టం చెప్పే నిర్వచనంలో ఉంది. కనుక అడ్వాన్సును ఒక నెల జీతానికి మించనివ్వకండి. ఎన్ని వాయిదాల్లో తీరుతుందో కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. మీరు పోగొట్టుకున్న 40,000 సంగతి నాకు అర్థమవుతున్నది. అక్కడ జరిగిన పొరపాటు మనిషిని నమ్మడం కాదు, కాగితం లేకపోవడం.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమలులోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. దానిని భారంగా చూడకండి. జీతం ఎంత, ఏ తారీఖున వస్తుంది, ఓవర్‌టైముకు ఎంత, ఎన్నాళ్లకు జీతం పెరుగుతుంది, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవన్నీ తెలుగులో ఒక పేజీలో వ్రాసి ఇస్తే, తర్వాత వచ్చే తగాదాల్లో సగం అక్కడే ఆగిపోతాయి. హిందీ మాత్రమే వచ్చిన బీహార్, ఒడిశా కుర్రాళ్లకు హిందీలో ఇవ్వండి. ఓవర్‌టైముకు మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వవలసిందే. మానేసినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చి ఇవ్వాలన్న నియమం కూడా వచ్చింది. ‘వచ్చే నెల వచ్చి తీసుకుపో’ అనే పాత పద్ధతి ఇక కుదరదు.

మీకు 14 మంది ఉన్నారు గనుక ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవారికి పనివాడి వాటా 0.75 శాతం, మీ వాటా 3.25 శాతం. జీడిమెట్ల నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఎంతో దూరం కాదు. హెల్పరు భార్య కాన్పుకో, తల్లి ఆపరేషనుకో ఆ కార్డు పనికివచ్చిన రోజున, షాపు మీద ఆ కుటుంబానికి ఏర్పడే నమ్మకం మీరు రెండు వేలు పెంచినా రాదు. పనిలో దెబ్బ తగిలి సెలవులో ఉన్నవారికి జీతంలో 90 శాతం వరకు ఈఎస్ఐ చెల్లిస్తుంది. మీ టర్నరు గారి జీతం, కొత్త కుర్రాడి జీతం 21,000 దాటాయి కాబట్టి ఆ రక్షణ వారికి ఉండకపోవచ్చు. వారికోసం వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ విడిగా తీసుకోండి. మెషీన్ షాపులో వేలు పోవడానికి అర క్షణం చాలు, ఆ పరిహారం బాధ్యత మీదే అవుతుంది.

పీఎఫ్ 20 మంది ఉన్నప్పుడే తప్పనిసరి, కానీ మీరు ఇష్టపూర్వకంగానూ చేరవచ్చు. పీఎఫ్ ఖాతా ఉన్న పనివాడికి ఎడ్లి బీమా (ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి అందేది) కూడా వస్తుంది, దాని గరిష్ఠ మొత్తం 7 లక్షలు. దానికి తోడు, 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు కొత్తగా ఉద్యోగాలిచ్చే యజమానులకు కేంద్రం పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద, జీతాన్ని బట్టి ఒక్కొక్కరికి నెలకు గరిష్ఠంగా 3,000 వరకు ఇస్తున్నది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలపాలి. పీఎఫ్‌లో నమోదు కాని సంస్థకు ఇది అందదు.

చివరగా గ్రాట్యుటీ. పది మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి సంస్థకూ ఇది వర్తిస్తుంది, కానీ యజమానులు దీనిని బయటకు చెప్పరు. ఐదేళ్లు నిండిన పనివాడికి, చివరి జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేసి, పనిచేసిన ప్రతి సంవత్సరానికీ అంత ఇవ్వాలి. లెక్కకు వచ్చే జీతం 26,000 అయితే ఏడాదికి 15,000. ఎలాగూ ఇవ్వవలసిన ఈ డబ్బును దాచిపెట్టడం వల్ల మీకు వచ్చే లాభమేమిటి? ప్రతి దసరాకు బోనసు కవరులో ఒక చీటీ పెట్టండి: ‘మీకు ఇప్పటికి ఇన్నేళ్లు నిండాయి, మీ పేరు మీద జమ అయిన గ్రాట్యుటీ ఇంత’. మూడున్నరేళ్లు పూర్తయినవాడు ఆ చీటీ చూసి, వెనక వీధిలో ఇస్తానన్న రెండు వేలను మరొకసారి లెక్క వేసుకుంటాడు. ఇంకొక మాట, మీ పెద్దాయనకు 19 ఏళ్లకు ఎంత అవుతుందో మీరు ఎప్పుడైనా లెక్క కట్టారా? ఆ మొత్తానికి నిధి పక్కన పెట్టడం ఈ ఏడాదే మొదలుపెట్టండి.


సమాధానం
వ్రాసినవారు: నాలుగో షాపు

నేను యజమానిని కాను. హెల్పరుగా మొదలై ఆపరేటరు, సెట్టరు అయి, ఇప్పుడు ప్రోగ్రాములు వ్రాస్తున్నాను. మూడు షాపులు మానేసి నాలుగో షాపులో ఎనిమిదేళ్లుగా ఉన్నాను. ఎందుకు మానేశానో ఆ యజమానులకు నేను నిజం చెప్పలేదు. అందరికీ చెప్పే మాటే చెప్పాను, బయట రెండు వేలు ఎక్కువ ఇస్తున్నారని. కాబట్టి ప్రశ్న అడిగిన వారు తమ దగ్గర మానేసిన ఇద్దరి మాటను యథాతథంగా నమ్మవద్దని నా మనవి.

మొదటి షాపులో జీతం ఏడో తారీఖున వచ్చేది కాదు. పన్నెండు, పదిహేను, ఒక్కోసారి ఇరవై. ఓనరు గారు మంచివారే, కంపెనీల నుంచి బిల్లులు రాలేదని బాధగా చెప్పేవారు. కానీ మా ఇంటి అద్దె ఐదో తారీఖు, చిట్టీ పదో తారీఖు. కంపెనీ నుంచి రాని బిల్లుకు నేను అప్పు తెచ్చి వడ్డీ కట్టవలసి వచ్చేది. నెలకు రెండు వేలు తక్కువైనా తారీఖు తప్పని జీతం నాకు ఎక్కువ విలువైనదని అక్కడ తెలిసింది.

రెండో షాపులో నేను బాగా పనిచేయడమే నాకు శిక్ష అయింది. నా బ్యాచ్ త్వరగా పూర్తయితే, పక్క మెషీను మీద వేరొకరు పాడుచేసిన పీసులను రీవర్క్ చేయమని నాకు ఇచ్చేవారు. ఆదివారం అర్జెంటు పని పడితే ఫోను నాకే వచ్చేది. నెలాఖరుకు మా ఇద్దరి జీతమూ ఒకటే. రెండేళ్లు చూసి మానేశాను. నేను మానేసిన తర్వాత, నమ్మకమైనవాడు కూడా వెళ్లిపోయాడని ఆయన బాధపడ్డారట. నమ్మకాన్ని బరువు మోయడానికి మాత్రమే వాడుకుంటే ఎవరైనా ఎంతకాలం మోస్తారు?

మూడో షాపు సంగతి చెప్పడానికి ఇప్పటికీ మనసు రాదు. ఉదయం పూట మెషీను చల్లగా ఉన్నప్పుడు తీసిన మొదటి పీసులకూ, స్పిండిల్ వేడెక్కిన తర్వాత తీసిన పీసులకూ సైజులో తేడా వస్తుందని మెషీను మీద నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. పదిహేను నిమిషాలు ఖాళీగా తిప్పి మొదలుపెడదామంటే, కరెంటు దండగని ఒప్పుకోలేదు. ఒక రోజు పదకొండు పీసులు మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల తేడాతో పోయాయి. కస్టమరు మనిషి ఎదుట నిలబెట్టి నన్ను తిట్టి, ఆ డబ్బు జీతంలో కోశారు. పనివాడి సమాధానం వినకుండా నష్టాన్ని కోయకూడదని పై వారు చెప్పిన చట్టాల్లోనే ఉందని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. కోసిన డబ్బును అప్పుడే మరచిపోయాను. కస్టమరు నా ముఖంలోకి చూసిన చూపు మాత్రం మరచిపోలేదు.

ఇప్పుడున్న షాపులో చేరిన రెండో నెలలోనే నేను ఖరీదైన ఒక టూల్ హోల్డరును విరగ్గొట్టాను. ఓనరు గారు వచ్చి, ముందు నా చేతులు చూశారు, దెబ్బ తగిలిందేమోనని. తర్వాత ఏమి జరిగిందని అడిగి, చెప్పిందంతా విని, ఆ సాయంత్రమే అందరినీ పిలిచి, పేరు చెప్పకుండా, ఈ తప్పు మళ్లీ జరగకుండా ప్రోగ్రాములో ఏ వరుస చేర్చాలో నా చేతనే చెప్పించారు. మా షాపులో ప్రతి మెషీను దగ్గరా ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ఆ రోజు రిజెక్షన్లూ వాటి కారణాలూ ఉంటాయి, మనిషి పేరు ఉండదు. తప్పు దాచుకోవలసిన అవసరం లేనిచోట రిజెక్షన్లు తగ్గుతాయని నేను ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను.

జీతం అక్కర్లేదని నేను అనడం లేదు. మా ఓనరు గారు మెట్లు వ్రాసి గోడకు అంటించారు. బటన్ నొక్కి పీసు మార్చేవాడికి ఇంత, ఆఫ్‌సెట్ సొంతంగా సరిచేసేవాడికి ఇంత, డ్రాయింగు చూసి సెట్టింగు చేసేవాడికి ఇంత, ప్రోగ్రాము వ్రాసేవాడికి ఇంత. పై మెట్టుకు పరీక్ష కావాలని ఎవరు ఎప్పుడు అడిగినా పెడతారు. బయట రెండు వేలు ఎక్కువ ఉన్నాయని తెలిసినప్పుడు మా కుర్రాళ్లు చూసేది ఆ గోడ వైపే. పై మెట్టు నాలుగు నెలల్లో అందుతుందనుకుంటే ఆగుతారు. ప్రశ్న అడిగిన వారి షాపులో అలాంటి గోడ ఉన్నదా?


ప్రశ్న అడిగినవారి స్పందన
వ్రాసినవారు: జీడిమెట్ల జాబ్‌వర్క్

అందరికీ కృతజ్ఞతలు. ‘నాలుగో షాపు’ గారి సమాధానం చదివి ఆ రాత్రి పాత జీతాల పుస్తకం తీసి చూశాను. గత ఏడాది నాలుగు నెలలు జీతాలు పదో తారీఖు దాటి ఇచ్చాము. ఆ ఐదుగురిలో ముగ్గురు మానేసింది ఆ నెలలకు ఆనుకునే. కంపెనీ బిల్లు 60 రోజులకు వస్తున్నదని నేను సర్దిచెప్పుకున్నాను గానీ, వారి అద్దె సంగతి నాకు తట్టలేదు. ఒక నెల జీతాలకు సరిపడా డబ్బు వేరే ఖాతాలో ఉంచి, దానిని ముడిసరుకుకు ముట్టకూడదని నిర్ణయించుకున్నాను. బాండు పేపర్ల ఆలోచన మానుకున్నాను.

జీతంతో కూడిన ఒక రోజు పరీక్ష మొన్న శనివారం మొదటిసారి పెట్టాను. వచ్చిన ఇద్దరిలో అనుభవం తక్కువ ఉన్న కుర్రాడే తేడా పీసును పట్టుకున్నాడు. ఐదేళ్ల అనుభవం ఉన్నాయన ఐదూ బాగున్నాయన్నారు. కుర్రాణ్ణి తీసుకున్నాను. మాటల్లో అయితే నేను రెండో ఆయననే ఎంచుకునేవాణ్ణి.

హెల్పర్లను తయారుచేసుకోమన్నారు. దానికి మొదటి అడుగు ఎక్కడ వేయాలి? మా టర్నరు గారి విషయంలో మీరెవరైనా దారి చెబుతారా? జీతం 26,000కు పెంచుతానని చెప్పాను. ‘ఇప్పుడు పెంచితే నేను అలిగినందుకు పెంచినట్టు అవుతుంది బాబూ, వద్దు’ అన్నారు. నాకు ఏమి చెప్పాలో తోచలేదు.


సమాధానం
వ్రాసినవారు: లేబర్ లెక్కలు

మొదటి అడుగు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు. 30 మంది ఉంటే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, మీకు అది ఐచ్ఛికం. నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక) పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. దగ్గరలోని ఐటీఐకి వెళ్లి, ప్రిన్సిపాలును కాక వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరును కలవండి. ఎవరి చేయి మంచిదో ఆయనకు తెలుస్తుంది. ఉన్నవారికి పై శిక్షణ ఇప్పించాలంటే మీ పక్కనే బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. మీ ఖర్చుతో అక్కడికి పంపినప్పుడు, ఆ ఖర్చు మేరకు మాత్రమే ఒప్పందం వ్రాసుకోవడంలో అర్థం ఉంటుంది.


సమాధానం
వ్రాసినవారు: ఆటోనగర్ పెద్దాయన

మీ టర్నరు గారు అడుగుతున్నది డబ్బు కాదని మీకూ అర్థమయ్యే ఉంటుంది. జీతం ఎలాగూ పెంచవలసిందే, అది ఆయన వద్దన్నా పెంచండి. కానీ జీతం పెరగడానికి ఒక కారణం ఆయన చేతిలో పెట్టాలి, లేకపోతే ఆయన అన్నట్టే అది అలకకు ఇచ్చిన తాయిలం అవుతుంది.

ఆయనను సీఎన్‌సీ నేర్చుకోమని బలవంతపెట్టకండి. యాభై దాటిన మనిషిని ఇరవై నాలుగేళ్ల కుర్రాడి పక్కన విద్యార్థిగా నిలబెడితే ఇద్దరికీ ఇబ్బందే. మీ షాపులో బ్యాచ్ మొదలయ్యే ముందు మొదటి పీసును ఎవరు తనిఖీ చేస్తున్నారు? బహుశా తీసినవాడే కొలుచుకుంటున్నాడు. రేపటినుంచి ఏ మెషీను మీద ఏ బ్యాచ్ అయినా, మొదటి పీసు ఆయన కొలిచి సంతకం పెట్టిన తర్వాతే రెండో పీసు కదలాలని నియమం పెట్టండి. పందొమ్మిదేళ్లు చేత్తో సైజు తీసిన మనిషికి ఉపరితలం చూడగానే టూల్ అరిగిందో, జాబు వణికిందో తెలిసిపోతుంది. కంప్యూటరు మెషీను నేర్చినవారికి ఆ చూపు రావడానికి చాలా కాలం పడుతుంది. మీరు కొత్తగా తీసుకున్న కుర్రాడు తేడా పీసును పట్టుకున్నాడన్నారు కదా, అతణ్ణి ఆరు నెలలు ఆయన దగ్గరే ఉంచండి.

ఒక జాగ్రత్త. అర్జెంటు డిస్పాచ్ ఉన్న రోజున ఆయన ఒక పీసును కాదంటే, మీరు పైనుంచి వెళ్లి ‘ఈ ఒక్కసారికి పోనివ్వండి’ అని అనకూడదు. అది ఒక్కసారి జరిగితే ఆ సంతకానికి షాపులో ఇక విలువ ఉండదు, ఆయనా మళ్లీ ఆ కుర్చీలో కూర్చోరు. అలాంటి రోజు తప్పకుండా వస్తుంది, ముందే మనసు గట్టిచేసుకోండి.

ఈ మాట ఆయనకు మీ గదిలోకి పిలిచి చెప్పవద్దు. మీరే ఆయన లేత్ దగ్గరికి వెళ్లి, టీ తాగే వేళ, నలుగురూ ఉండగా చెప్పండి. వెళ్లేటప్పుడు మంచి మైక్రోమీటరు ఒకటి కొత్తది కొని తీసుకువెళ్లి, అది ఆయన సొరుగులోనే ఉంటుందని, ఆయన ఇస్తే తప్ప ఎవరూ ముట్టరని ఆ నలుగురికీ చెప్పండి.